స్వాగత కుర్చీ

“ఇచ్చట ఎవరూ కొత్తవారు కారు.”

తాటివలస ప్రార్థన మందిరం గేటు మీద ఈ మాట నీలం రంగుతో రాసి ఉంటుంది. రోడ్డు మీద పోయే సాలూరు లారీల వాళ్లు కూడా ఆగకుండా చదువుకోగలిగేంత పెద్ద అక్షరాలు. పక్కింటివాడి పేరు తెలియని ఈ రోజుల్లో ఇంత గొప్ప ప్రకటనను గేటు మీద రాయించడానికి గుండె ధైర్యం కావాలి. తాటివలస సంఘానికి అది దండిగా ఉంది. కాకపోతే ఆ గేటు దాటి లోపలికి వెళ్లి రెండో పాట అయ్యేదాకా కూర్చుంటే, స్వాగత సంఘం అధ్యక్షుడు ధనరాజు మైకు దగ్గరికి వచ్చి, గొంతు సవరించుకుని, “ఈ ఉదయం కొత్తగా వచ్చినవారు దయచేసి లేచి నిలబడండి” అంటాడు. గేటు మీద లేని కొత్తవారు మైకులోకి ఎలా వచ్చారని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆదివారం పూట అలాంటివి అడిగే అలవాటు మన వాళ్లకు లేదు.

ధనరాజు సర్వీసంతా బస్టాండులో విచారణ కిటికీ వెనక గడిచింది. ఆ కిటికీకి ఉన్న కన్నం ఎంతటిదంటే, అవతల నిలబడ్డ మనిషిది చెయ్యి కనిపిస్తే నోరు కనిపించదు, నోరు కనిపిస్తే కళ్లు కనిపించవు. అందుకని ఆయనకు మనుషుల మొహాలు చూసే అలవాటు అబ్బలేదు. “పార్వతీపురం బస్సు ఎప్పుడు బాబూ?” అని ఎవరడిగినా తల ఎత్తకుండా, “వస్తాది, కూకోండి” అనేవాడు. బస్సు వచ్చేదో రాదో గానీ ఆ జవాబు మాత్రం ఏనాడూ ఆలస్యం కాలేదు. రిటైరయ్యాక సంఘపెద్దలు ఆయన అనుభవం వృథా కాకూడదని ఆలోచించి స్వాగత సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. వచ్చేపోయేవాళ్లతోనే జీవితమంతా గడిపిన మనిషి అంతకంటే ఎక్కడ దొరుకుతాడు?

ధనరాజు చేతికొచ్చాక స్వాగతానికి ఒక పద్ధతి ఏర్పడింది. కొత్త మనిషి లేచి నిలబడగానే భుజాల మీద శాలువా కప్పుతారు. సంఘమంతా చప్పట్లు కొడుతూ స్వాగతగీతం పాడుతుంది. తర్వాత ఆ మనిషిని గుమ్మం పక్కన, ఫ్యాను కింద వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడతారు. దాని పేరు స్వాగత కుర్చీ. మిగతా సంఘమంతా చాపల మీదే కూర్చుంటుంది. ఆరాధన ముగిశాక అతిథికి టీ, సమోసా ఇచ్చి, మర్యాదగా శాలువా తీసుకుని, మడతపెట్టి బీరువాలో దాస్తారు. ఒకే శాలువాతో అన్నేళ్లు అంతమందిని సన్మానించిన సంఘం మరొకటి లేదని ధనరాజు గర్వంగా చెప్పుకుంటాడు.

ఇంకో నియమం కూడా ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఆరాధన, అంటే ప్రభువు జ్ఞాపకార్థం సంఘస్థులంతా రొట్టె ముక్క పంచుకునే రోజు. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ఇచ్చిన రొట్టె పళ్లేన్ని ధనరాజే పట్టుకుని వరసల మధ్య తిరుగుతాడు. స్వాగత కుర్చీలో కూర్చున్నవారికి మాత్రం పళ్లెం అందించడు. వాళ్లది ఏ సంఘమో, బాప్తిస్మం అయిందో లేదో అడిగితే మర్యాదగా ఉండదు, అడగకుండా ఇస్తే నియమం ఒప్పుకోదు. అందుకని స్వాగత సంఘం బాగా ఆలోచించి, “అతిథులను శ్రమపెట్టరాదు” అని తీర్మానించింది. ఆనాటి నుంచి పళ్లెం ఆ కుర్చీని చూడనట్టే చూసి పక్కనుంచి వెళ్లిపోతుంది.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, వారానికొక కొత్త మనిషిని సప్లై చేసేంత పెద్ద ఊరు కాదు తాటివలస. మొదట్లో బ్యాంకుకు బదిలీ మీద వచ్చిన గుమస్తా ఒకాయన దొరికాడు. ఆ తర్వాత టైరు పేలి రోడ్డు మీద నిలిచిపోయిన లారీ డ్రైవరు మంచినీళ్లకని గేటు లోపలికి వస్తే, అతను నోరు తెరిచేలోగా శాలువా కప్పేశారు. పాపం అతను స్వాగతగీతం అంతా విని, సమోసా తిని, చివరికి “నీళ్లు” అన్నాడు. ఆ పైన వరసగా కొన్ని ఆదివారాలు ఎర్ర కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. పాటల బృందం డీలా పడింది. ధనరాజుకు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడు వచ్చింది దాలమ్మ.

సముద్రపొడ్డు నుంచి తాటివలసలో కూతురింటికి వచ్చి స్థిరపడిన ముసలామె దాలమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని వారమంతా ఊళ్లు తిరుగుతుంది. కన్నవారి ఊళ్లో, చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్న మనిషి. ఆ ఆదివారం చెంగు నెత్తిమీద కప్పుకుని, భయం భయంగా వచ్చి చివరి చాప మీద కూర్చుంది. ధనరాజు శాలువా కప్పితే ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. పుస్తెల తాడు తప్ప తన మెడ మీదికి ఎవరూ ఏదీ తెచ్చిన జ్ఞాపకం ఆమెకు లేదు.

రెండో ఆదివారం ఆమె చాప మీద సర్దుకుని కూర్చునేసరికి ధనరాజు వచ్చి చెవి దగ్గర వంగాడు.

“దాలమ్మా, ఈ వారం కొత్తోళ్లు ఎవులూ రానేదు. కుర్సీ కాళీగా ఉంటే బావోదు. ఈ ఒక్క వారానికీ సర్దుకో.”

సర్దుకుంది. మూడో వారమూ సర్దుకుంది. ఆ ఒక్క వారం అలా సాగి సాగి మూడేళ్లయింది.

ధనరాజుకు అబద్ధమంటే గిట్టదు. అది ఆయన శత్రువులు కూడా ఒప్పుకుంటారు. అందుకని ఆరాధనకు ముందే దాలమ్మను పిలిచి, ఆ వారం గంపతో ఏ ఊరెళ్లిందో అడిగి తెలుసుకునేవాడు. గురువారం గజపతినగరం వెళ్లానంటే, మైకులో “గజపతినగరం నుంచి వచ్చిన ఒక సోదరి” అనేవాడు. ఆమె గజపతినగరం నుంచి వచ్చిన మాట నిజం, సోదరి అన్నదీ నిజం, ఇందులో వేలెత్తి చూపడానికేముంది? తర్వాతి వారం నెల్లిమర్ల నుంచి ఒక సోదరి. ఆ పై వారం సాలూరు నుంచి. ఒకసారి మనవరాలితో రైలెక్కి రాయగడ దాకా వెళ్లొచ్చిందని తెలిసి, “ఒడిశా రాష్ట్రం నుంచి విచ్చేసిన” అని ప్రకటించేసరికి సంఘం ఉప్పొంగిపోయి స్వాగతగీతాన్ని రెండుసార్లు పాడింది.

సంఘంలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. తెలిసి కూడా ప్రతి ఆదివారం తలలు తిప్పి, కళ్లు పెద్దవి చేసి, చిరునవ్వుతో ఆమెను కొత్తగా చూసేవారు. మూడేళ్లపాటు ఒకే ముసలమ్మను చూసి ఆశ్చర్యపోవడం మాటలు కాదు, దానికి ఎంతో సాధన కావాలి.

ఇందులో పైకి అనుకోని సౌకర్యం ఇంకొకటి ఉంది. గుమ్మం పక్కన కూర్చుంటే, దాలమ్మ చీరకు పట్టిన ఎండుచేపల వాసన ఫ్యాను గాలికి బయటికి పోతుంది. చాప మీద కూర్చుంటే బయటికి పోదు. ఒకసారి ఆమె చాప అంచున చతికిలబడబోతే, పక్కనే ఉన్న అనూరాధ టీచరు ఎంతో ఆప్యాయంగా, “మామ్మా, అక్కడైతే నీకు గాలి బాగా తగులుతాది కదా” అంది. ఇంత ప్రేమగా గెంటేయడం ఎవరికి చేతనవుతుంది? దాలమ్మ లేచి వెళ్లి ఎర్ర కుర్చీలో కూర్చుంది.

మొన్న వేసవిలో ఒక ఆదివారం ఆమె ఇక ఉండబట్టలేక ధనరాజును వరండాలో ఆపింది.

“బాబూ, నాకింక కుర్సీ వద్దు. అందరితోటీ సాప మీద కూకుంటాను.”

“అదేటి దాలమ్మా. నువ్వు మాకు అతిథివి.”

“ఎన్నాళ్లండి ఈ సుట్టరికం? నాను ఈ ఊర్లోనే కదా ఉన్నాను. మా ముసిలోడు పోయిన కాడి నుంచీ రొట్టి ముక్క నోట్లో ఎట్టుకోనేదు. నెల నెలా పళ్లెం నా ముందర నుంచే ఎల్లిపోతన్నాది. సెయ్యి సాపితే తమరు సూడరు.”

ధనరాజు నిజంగానే చూసేవాడు కాదు. ఇప్పుడు కూడా ఆయన చూపు చేతిలో ఉన్న శాలువా మడతల మీదే ఉంది. “నిన్ను సంఘంలో కలుపుకోవాలంటే కమిటీ కూకోవాలి. వస్తాది దాలమ్మా, వస్తాది” అన్నాడు.

కమిటీ చాలాసార్లు కూర్చుంది. సమోసాల గురించి, మైకు గురగుర గురించి మాట్లాడి లేచింది. దాలమ్మను సంఘంలో కలిపేసుకుంటే ఎర్ర కుర్చీలో ఎవరిని కూర్చోబెడతామన్న ప్రశ్న ప్రతి పెద్దమనిషి మనసులోనూ ఉంది. నోటి దాకా మాత్రం రాలేదు.

ఇలా ఉండగా విజయనగరం నుంచి కబురొచ్చింది. ఇలాంటి సంఘాలన్నిటికీ పెద్ద, డివిజన్ అధ్యక్షులు దేవేంద్ర గారు వచ్చే ఆదివారం స్వయంగా తాటివలస వస్తున్నారు. చుట్టుపక్కల సంఘాలన్నీ జనం తగ్గిపోతున్నారని మొత్తుకుంటుంటే, ఇక్కడ మాత్రం వారం తప్పకుండా కొత్తవాళ్లు, అదీ రాష్ట్రం దాటి వస్తున్నారని విని ఆయన ముచ్చటపడ్డారు. ధనరాజును డివిజన్ అంతటికీ స్వాగత కన్వీనరుగా ప్రకటించి, శాలువా కప్పబోతున్నారట.

“ఈ శాలువా బీరువాలో ఎట్టేది కాదు, ఇంటికి తెచ్చుకునేదే” అన్నాడు ధనరాజు భార్యతో. ఇన్నేళ్లుగా ఊరందరికీ శాలువా కప్పి మళ్లీ లాక్కున్న మనిషి, తన భుజం మీద ఒకటి శాశ్వతంగా నిలుస్తుందంటే ఆ ఆనందం ఎలా ఉంటుందో మనం అర్థం చేసుకోవాలి.

ఆయన భార్య సుహాసినికి మాత్రం అర్థం కాలేదు. చిక్కుళ్లు ఒలుస్తూ, “ఏటండీ, ఆ వచ్చినోళ్లందర్నీ ఒకసారి సూపించండీ అని ఆయనగారు అంటే ఏటి సేస్తారు?” అంది.

“అనరు. పెద్దోళ్లు ఎంతమంది అని అడుగుతారు గానీ, ఏరీ అని అడగరు.”

“అడిగితేనో?”

“నీకన్నీ అనుమానాలే” అని ధనరాజు చెప్పులేసుకుని బయల్దేరాడు.

శనివారం పొద్దున్న ఆయన వెళ్లేసరికి దాలమ్మ కూతురింటి పెరట్లో గోనెపట్టా మీద చేపలు ఆరబోస్తోంది. ధనరాజు ముక్కు మూసుకుందామనుకుని, అవసరం తనదని గుర్తొచ్చి, జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

“దాలమ్మా, రేపు పెద్ద అయ్యగారు వస్తన్నారు. నువ్వు తప్పకండా రావాల. ఈ వారం ఏ ఊరు ఎల్లినావు?”

“ఏ ఊరూ ఎల్లనేదు. ఒళ్లు బాగోక ఇంటికాడే ఉన్నాను.”

ఇది ధనరాజు లెక్కలో లేదు. తాటివలస నుంచి తాటివలసకు వచ్చిన సోదరి అని మైకులో ఎలా చెప్పడం? “పోనీలే, కిందటి వారం ఊరే సెబుదాం” అన్నాడు.

దాలమ్మ చేప తిరగేస్తూ, “రేపు బల్ల ఉన్నాది కదండి. పళ్లెం నా కాడికి వస్తాదా?” అని అడిగింది.

“వస్తాది, వస్తాది.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. “ఈ మాట నాకు తెలుసు బాబూ. తమరు కిటికీలో ఉన్నప్పుడు సానా పాలి యిన్నాను. ఒకపాలి సీకటి పడిందాకా కూకుని, బస్సు రాక, గంపెత్తుకుని నడిసి ఎల్లిపోనాను.”

ఆ కిటికీ అవతల నిలబడ్డ లక్షమందిలో ఈమె కూడా ఉందన్న ఆలోచన ధనరాజుకు ఎన్నడూ రాలేదు. ఒక్క క్షణం ఆయనకు ఎలాగో అనిపించింది. రేపటి శాలువా గుర్తొచ్చి ఆ అనిపించడం సర్దుకుంది. “ఈసారి నిజంగానే వస్తాదిలే” అని చెప్పి వచ్చేశాడు.

ఆదివారం మందిరం కళకళలాడింది. గుమ్మానికి బంతిపూల దండలు, ఎర్ర కుర్చీకి కొత్త గుడ్డ. దేవేంద్ర గారు తెల్లటి లాల్చీలో వచ్చి వేదిక మీద కూర్చున్నారు. ఆయన పక్కన ఉన్న సంచిలోంచి జరీ అంచు శాలువా తొంగిచూస్తోంది. ధనరాజు అటు చూడకూడదని ఎంత గట్టిగా అనుకున్నాడో అంతగా అటే చూశాడు. దాలమ్మ వచ్చి, చెప్పులు విప్పి, చివరి చాప మీద కూర్చుంది. పోనీ, పిలిచినప్పుడు లేస్తుందిలే అనుకున్నాడు.

రెండో పాట అయింది. ధనరాజు మైకు అందుకునేలోగా దేవేంద్ర గారే లేచి నిలబడ్డారు.

“ఈ సంఘాన్ని చూస్తే నా హృదయం నిండిపోతోంది. ఇవాళ కొత్తగా వచ్చినవారిని తర్వాత పలకరిద్దాం. అంతకంటే ముందు, ఈ మూడేళ్లలో మీరు స్వాగతం పలికిన ఆ సోదర సోదరీమణులను నేను కళ్లారా చూడాలి. దయచేసి వాళ్లంతా ఒక్కసారి లేచి నిలబడండి.”

చాపల మీద ఎవరూ కదల్లేదు. సుహాసిని ఆడవాళ్ల వరసలోంచి భర్త వైపు చూసింది. ఆ చూపు అర్థం ధనరాజుకు బాగా తెలుసు. పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి ఏదో చాలా శ్రద్ధగా వెతుకుతున్నారు.

దాలమ్మ మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచింది.

“మంచిది తల్లీ” అన్నారు దేవేంద్ర గారు. “మిగతా వాళ్లు?”

“మిగిలినోళ్లూ నానేనండి.”

“అంటే?”

“గజపతినగరం నుంచి వచ్చినదాన్నీ నానే, నెల్లిమర్ల నుంచి వచ్చినదాన్నీ నానే. సాలూరు సోదరీ నానేనండి. ఒడిశా నుంచి వచ్చినప్పుడు రెండుపాల్లు పాట పాడినారు, అదీ నాకే. అందరం వచ్చేసినామండి బాబూ, ఇంక రావాల్సినోళ్లు ఎవులూ నేరు.”

ఆమె ఎవరి మీదా నేరం మోపుతున్నట్టు చెప్పలేదు. అడిగిన పెద్దమనిషికి ఉన్నమాట చెప్పింది, అంతే. ధనరాజుకు మాత్రం కాళ్ల కింది చాప ఎవరో లాగేస్తున్నట్టుంది. తల ఎత్తితే ఎవరి మొహం చూడాల్సి వస్తుందోనని మైకు తీగ కేసి చూస్తూ నిలబడ్డాడు.

దేవేంద్ర గారు తాటివలస సంగతిని పోయిన నెలే రాష్ట్ర మహాసభలో ఘనంగా వినిపించి, నిలబడి మరీ చప్పట్లు అందుకున్నారు. ఆ చప్పట్లు ఇప్పుడు వెనక్కి ఇవ్వడం కుదరదు. ఆయన గట్టిగా దగ్గి, “సరే, దేవుడి కార్యాలు మనకు అర్థం కావు. ఇక ఇవాళ కొత్తగా వచ్చినవారిని ఆహ్వానిద్దాం. ధనరాజు గారూ, ఎవరండీ?” అన్నారు.

ధనరాజు అలవాటుగా దాలమ్మ వైపు చెయ్యి చూపించబోయాడు.

“ఈయేల కొత్తగా వచ్చినోరు తమరే కదండి” అంది దాలమ్మ, దేవేంద్ర గారితో. “మేమందరం ఈ ఊరోళ్లమే. దయసేయండి, ఈ కుర్సీ తమరిది.”

అని ఎర్ర కుర్చీ మీది గుడ్డ తన చెంగుతో తుడిచింది.

దేవేంద్ర గారు ఆ రోజు తగ్గింపు గురించి, అంటే తనను తాను తగ్గించుకునే వినయం గురించి ప్రసంగించబోతున్నారు. ఆ మాట పొద్దున్నే బోర్డు మీద రాసేశారు కూడా. వేదిక దిగనంటే బాగుండదు. ఆయన దిగి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఎవరో కంగారులో బీరువాలోని శాలువా తెచ్చి ఆయన భుజాల మీద కప్పేశారు. మూడేళ్లుగా దాలమ్మను అంటిపెట్టుకున్న ఆ శాలువాకు సముద్రం ఎటువైపు ఉందో బాగా తెలుసు. అధ్యక్షుల వారి ముక్కుపుటాలు ఒకసారి అదిరి ఆగాయి. ఏం చెయ్యాలో తోచక, సంఘం తనకు చేతనైన పనే చేసింది. చప్పట్లు కొట్టి స్వాగతగీతం పాడింది. అందరికంటే గట్టిగా, ఒక్క మాట తప్పకుండా పాడింది దాలమ్మే. ఇన్నాళ్లూ ఆ పాట విన్నదే గానీ పాడే అవకాశం ఆమెకు రాలేదు.

పాట అయ్యాక ఆమె వెళ్లి ఆడవాళ్ల చాప మధ్యలో నిలబడింది. అనూరాధ టీచరు ముక్కు దగ్గరికి కొంగు తీసుకెళ్లి, అధ్యక్షుల వారు ఇటే చూస్తున్నారని గమనించి, కొంగు దించి, జరిగి చోటిచ్చింది. సుహాసిని కూడా జరిగింది. దాలమ్మ ఇద్దరి మధ్యా హాయిగా కూర్చుంది.

దేవేంద్ర గారు తగ్గింపు గురించి చాలా బాగా మాట్లాడారు. అంత మాట్లాడాక మళ్లీ వేదికెక్కి కూర్చోవడం బాగుండదు కాబట్టి, శాలువాతో సహా వచ్చి గుమ్మం పక్క కుర్చీలోనే సర్దుకున్నారు. జరీ శాలువా సంచిలోనే ఉండిపోయింది, దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

తర్వాత బల్ల. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి రొట్టె పళ్లెం ధనరాజు చేతికిచ్చారు. కన్వీనరు పదవి పోయింది, శాలువా పోయింది, పరువు ఎంత మిగిలిందో తెలియదు. ధనరాజు తల వంచుకుని, పళ్లెం మీంచి చూపు తిప్పకుండా నడిచాడు. ఎవరి చేతులు ముందుకు వస్తే వాళ్లకు అందిస్తున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఎర్ర కుర్చీలోంచి తెల్లటి లాల్చీ చెయ్యి ఒకటి ముందుకు వచ్చింది. ఆయన కళ్లు ఆ చేతిని చూడలేదు. ఆయన కాళ్లకు మాత్రం ఆ కుర్చీ బాగా తెలుసు. అవి పక్కకు తిరిగి, పళ్లేన్ని కుర్చీ దాటించి ఆడవాళ్ల చాప దగ్గరికి తీసుకెళ్లాయి.

అక్కడ ఉప్పుకు పగిలిపోయిన రెండు చేతులు దోసిలి పట్టి ఉన్నాయి. ఆ చేతులు ఎవరివో చూడాలనిపించి, ధనరాజు ఎన్నేళ్లకో తల ఎత్తాడు. దాలమ్మ రొట్టె ముక్క తీసుకుని, కళ్లు మూసుకుంది. ఆ మొహంలోకి చూస్తూ ఆయన అలాగే నిలబడిపోయాడు.

“ధనరాజు గారూ” వెనక గుమ్మం పక్క నుంచి దేవేంద్ర గారి గొంతు మెల్లగా పిలిచింది, “పళ్లెం నాకు రాలేదండీ.”

“వస్తాది, కూకోండి” అన్నాడు ధనరాజు, వెనక్కి తిరక్కుండానే.